పిన్ను గుచ్చినంత మాత్రాన పటం కాదు

"ఏ ఊరు పెట్టమంటరు బిడ్డా? నేనుండే ఊరా, నేనాడే ఊర్లా?"

మునుగోడు వైపు ఒక ఊళ్లో, వేపచెట్టు కింద మంచం మీద కూర్చున్న పెద్దాయన అడిగిన మాట ఇది. బొమ్మల పటం విప్పి పద్మశాలీలకు కథ చెప్పే కూనపులి కుటుంబం ఆయనది. ఎదురుగా ట్యాబ్ పట్టుకుని ఇద్దరు కుర్రాళ్లు, ఒక అమ్మాయి. జానపద కళల్ని మ్యాప్ మీదికి ఎక్కించే యాప్ ఒకటి తయారవుతోందట. వాడేవాళ్లకు అది ఎట్లా అనిపిస్తోందో చూడటానికి హైదరాబాద్ నుంచి వచ్చారు. ఈ పనికి యూజర్ ఎక్స్‌పీరియన్స్ రీసెర్చ్ అని పేరు. దారి తెలిసినవాడు కావాలన్నారు కాబట్టి నేనూ వెంట పోయాను.

"మీరుండే ఊరే తాతా" అంది అమ్మాయి. స్క్రీన్ మీద ఎర్రటి పిన్ను పడింది. ఆయనకు మిరాశి, అంటే కథ చెప్పే హక్కు, ఉన్న ఊళ్లు పాతిక దాకా ఉంటాయి. వాటిలో ఒక్కటీ పడలేదు. అన్నీ అయ్యాక "యాప్ ఎట్లుంది తాతా?" అని అడిగారు. "మంచిగుంది బిడ్డా" అన్నాడు. నోట్‌బుక్‌లో టిక్కు పడింది.

నా గొడవంతా ఆ టిక్కుతోనే.

కళల మ్యాపింగ్ ఇప్పుడు జోరు మీదుంది. 2023 జూలైలో కేంద్ర సాంస్కృతిక శాఖ 'మేరా గావ్ మేరీ ధరోహర్' పోర్టల్ తెరిచింది. దేశంలోని 6.5 లక్షల గ్రామాల వారసత్వాన్ని నమోదు చేయడం లక్ష్యం. దాన్ని చూసి సంస్థలు, యూనివర్సిటీలు, స్టార్టప్‌లు ఎవరి మ్యాపు వాళ్లు మొదలుపెట్టారు. మంచి ఉద్దేశాలే, ఎవరినీ శంకించడం లేదు. ఈ మ్యాపులు ఎవరికోసం, ఎవరిని అడిగి గీస్తున్నారన్నదే నాకు పట్టింది. యూజర్ అనగానే వీళ్ల కళ్లముందు మెదిలేది వారాంతంలో కారేసుకుని వచ్చే పర్యాటకుడు. కాకపోతే నివేదిక కావాల్సిన ఆఫీసరు. కళాకారుడు అక్కడ యూజర్ కాదు, సరుకు.

ముందు ఆ "మంచిగుంది" సంగతి చూద్దాం. మన దగ్గర ఇంటికొచ్చినవాడిని నొప్పించరు. ఎండన పడి వచ్చిన ఆడపిల్ల తను చేసిన వస్తువు చూపించి ఎట్లుందని అడిగితే బాగాలేదని ఏ ముసలాయన అంటాడు? ఇది మర్యాద. రీసెర్చ్ దీన్ని అభిప్రాయం అని రాసుకుంటుంది. నేను ఊరికే అంటున్న మాట కాదిది. 2012లో అచ్చయిన ఒక పరిశోధనలో బెంగళూరులో 450 ఇంటర్వ్యూలు చేసి ఈ లెక్క తేల్చారు. అచ్చం ఒకేలాంటి రెండు వస్తువులు పెట్టి, ఒకటి అడిగేవాడే తయారు చేశాడనే భావన కలిగిస్తే, దాన్నే మెచ్చుకునే అవకాశం దాదాపు రెండున్నర రెట్లు పెరిగింది. అడిగేవాడు దుబాసీని వెంటబెట్టుకున్న విదేశీయుడైతే ఐదు రెట్లు. అడిగేవాడి వస్తువును కావాలని నాసిరకంగా చేసి ఇచ్చినా జనం అదే బాగుందన్నారు. మహానగరంలోనే ఇట్లా ఉంటే, "సారు" అన్న మాటకు మంచం దిగి నిలబడే మన ఊళ్ల సంగతి మీరే ఊహించుకోండి. నన్నడిగితే నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో "యాప్ ఎట్లుంది" అన్న ప్రశ్నను రీసెర్చ్ నుంచే తీసేయాలి. ఆ ప్రశ్నకు ఇక్కడ ఒకే జవాబు ఉంది, అది మనకు ముందే తెలుసు.

ఐదుగురి సూత్రం ఒకటుంది. ఐదుగురితో పరీక్షిస్తే 85 శాతం లోపాలు బయటపడతాయని 2000లో యూజర్ రీసెర్చ్ నిపుణుడు జేకబ్ నీల్సన్ రాసిన దగ్గర్నుంచి ఆ రంగంలో అదొక వేదవాక్కు అయిపోయింది. వాడేవాళ్లు ఒక్క తీరున లేకపోతే ప్రతి గుంపులోనూ విడిగా పరీక్షించాలని ఆయనే చెప్పాడు, ఆ సగం ఎవరికీ గుర్తుండదు. ఇక్కడ ఆ ఐదుగురు ఎవరు? ఒగ్గు కథ చెప్పే కురుమ, చిందు ఆడే మనిషి, కిన్నెర పట్టిన డక్కలి, నారాయణపేట మగ్గం మీది నేతకారుడు, నల్లమలలో చెంచు పెద్ద. వీళ్లను కలిపి ఒక గుంపు అనడం నాకు చేతకాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. పటం అన్న మాటకు మనకు రెండు అర్థాలున్నాయి. ఊళ్లు, వాగులు, దారులు గీసిన కాగితం పటమే, బొమ్మలు గీసిన గుడ్డ చుట్టా పటమే. కూనపులివాళ్లు ఆ గుడ్డ చుట్ట విప్పుతూ పద్మశాలీలకు మార్కండేయుని కథ, భావనారుషి కథ చెప్తారు. కాకిపడగలవాళ్లు ముదిరాజులకు పాండవుల కథ చెప్తారు. గౌడజెట్టివాళ్లు గౌడులకు, డక్కలివాళ్లు మాదిగలకు వాళ్ల వాళ్ల కుల పురాణాలు చెప్తారు. వీళ్లను ఆశ్రిత కులాలు అంటాం. ఒక్కో కుటుంబానికి కొన్ని ఊళ్ల మీద హక్కు ఉంటుంది, అదే మిరాశి. కొందరి దగ్గర దానికి రుజువుగా రాగి రేకులు కూడా ఉంటాయి. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకున్నట్టే ఊళ్లనూ పంచుకుంటారు. ఒకరి మిరాశి ఊళ్లోకి ఇంకొకరు పోయి కథ చెప్తే పంచాయితీ అవుతుంది.

చూశారా, మ్యాపు ముందే ఉంది. యాప్ రాకముందే, సర్వే ఆఫ్ ఇండియా రాకముందే ఈ నేల మీద ఎవరు ఏ ఊళ్లో, ఏ నెలలో, ఎవరి వాకిట్లో, ఏ కథ చెప్పాలో గీసిపెట్టిన మ్యాపు ఉంది. దానికి అంచులున్నాయి, రుతువులున్నాయి, వారసులున్నారు, తగాదాలు తీర్చే పద్ధతి ఉంది. మనం దాన్ని చూడం. చూడకుండా పోయి "సాంస్కృతిక మ్యాపింగ్ చేస్తున్నాం" అంటాం. గుడ్డ పటం చుట్టి చంకన పెట్టుకున్న మనిషిని మంచం మీద కూర్చోబెట్టి, ఆయన ఇంటి మీద ఒక పిన్ను గుచ్చి వస్తాం. ఆ ఇంట్లో ఆయన ఉండేది వానాకాలం నాలుగు నెలలు. మిగతా కాలమంతా ఆయన కళ నడిచేది ఇంకో చోట. అంటే పిన్ను పడింది కళ లేని చోటు మీద.

తెలుగు యూనివర్సిటీవాళ్లు, జానపద పరిశోధకులు దశాబ్దాలుగా ఈ ఆశ్రిత కులాల గురించి రాస్తూనే ఉన్నారు. యాప్ చేసేవాళ్లు ఆ పుస్తకాలు తిరగేయరన్నది నా ఇంకో ఫిర్యాదు. దాన్ని ఇక్కడితో వదిలేస్తాను.

జాతరలకు వద్దాం. చిన్నచింతకుంట మండలంలో కురుమూర్తి స్వామి జాతర పాలమూరువాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కార్తీకంలో కొండ కింద బండి కట్టని ఊరు లేదు. మ్యాపులో అయితే ఏముంటుంది? గుడి దగ్గర ఒక పిన్ను, ఒక ఫోటో, 'ఆలయ ఉత్సవం' అన్న కేటగిరీ. కానీ ఆ జాతరకు గుండెకాయ ఉద్దాల ఉత్సవం. ఉద్దాలంటే స్వామి పాదరక్షలు, అవి చిన్నవడ్డెమాన్‌లో తయారవుతాయి. దళిత కుటుంబాలు ఉపవాసం ఉండి, నియమంతో తోలు కోసి, కుట్టి సిద్ధం చేస్తాయి. అక్కడి నుంచి ఊరేగింపుగా కొండకు వస్తాయి. స్వామి ఆభరణాలు వచ్చేది ఆత్మకూరు నుంచి. ఆ మూడు చోట్లనూ, వాటి నడుమ దారినీ కలిపితేనే జాతర. గుడి మీద పిన్ను గుచ్చగానే చెప్పులు కుట్టిన చేయి మ్యాపులోంచి జారిపోయింది. ఎవరూ కావాలని చేయలేదు, డిజైనే ఆ పని చేసేసింది. ఊళ్లో మనుషులు కులం పేరుతో చేసిన పని, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కులం పేరెత్తకుండానే చేస్తోంది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. 2016 దసరా నాడు జిల్లాలు విడిపోయాక కురుమూర్తి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండిపోయింది, ఆత్మకూరు వనపర్తి జిల్లాకు పోయింది. జిల్లా ఎంచుకోండి అనే డబ్బా నొక్కితే జాతర రెండు ముక్కలవుతుంది. స్వామి ఒక జిల్లాలో, ఆయన నగలు ఇంకో జిల్లాలో.

సూర్యాపేట దగ్గర పెద్దగట్టు లింగమంతుల జాతరదీ ఇదే కథ. రెండేళ్లకొకసారి, మాఘంలో, ఐదు రోజులు. గజ్జెల లాగులు, భేరీలు, "ఓ లింగా" కేకలతో గుట్ట దద్దరిల్లుతుంది. దేవతా విగ్రహాలుండే దేవరపెట్టె కేసారం ఊరి నుంచి కదలాలి. మిగతా కాలంలో ఆ పిన్ను పట్టుకుని వచ్చినవాడికి కనిపించేది ఎండకు కాగిన గుట్ట. మ్యాపుకు కాలం తెలియదు. తెలియాలంటే తిథి తెలియాలి, ఆ డబ్బాలో ఇంగ్లీషు నెలలే ఉంటాయి.

పిల్లలమర్రి అని వెతికి చూడండి, సరదాగా ఉంటుంది. మహబూబ్‌నగర్ పక్కన వందల ఏళ్ల మర్రిచెట్టు వస్తుందా, సూర్యాపేట పక్కన కాకతీయుల కాలపు గుళ్లున్న ఊరు వస్తుందా అన్నది మీ అదృష్టం.

నారాయణపేట వైపు ఇంకో చిక్కు ఉంది. అక్కడ ఒకే బజారులో తెలుగు, కన్నడ, మరాఠీ మూడూ వినిపిస్తాయి. దామరగిద్ద బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పాట తెలుగులోనూ ఉంటుంది, కన్నడంలోనూ ఉంటుంది. ఫారంలో 'భాష' అన్న చోట ఒకటే ఎంచుకోమంటుంది. ఏది ఎంచుకోవాలి?

పిన్ను ఎంత అబద్ధం చెప్పగలదో తెలియాలంటే పన్నెండు మెట్ల కిన్నెర చాలు. దర్శనం మొగులయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. 2022లో పద్మశ్రీ. దక్షిణ తెలంగాణలో ఆయన కంటే బాగా 'నమోదైన' జానపద కళాకారుడు లేడు. పేరు, ఊరు, వాయిద్యం, ఫోటో, వీడియో అన్నీ ఉన్నాయి. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో ఒక కట్టడం దగ్గర కూలిపని చేస్తున్న వీడియో రాష్ట్రమంతా చూసింది. ఆ రోజు మ్యాపులో పిన్ను అవుసలికుంటలోనే ఉంది. మనిషి ఇసుక దగ్గర ఉన్నాడు. నమోదు అయితే కళ బతుకుతుందన్న వాదనకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. కళాకారుడి వైపు నుంచి ఈ యాప్‌కు పెట్టాల్సిన పరీక్ష ఒక్కటే: ఏడాది తిరిగేలోగా దీన్ని చూసి ఎవరైనా నీ వాకిట్లోకి వచ్చి బయానా ఇచ్చారా? బటన్ కనిపించిందా, అక్షరాలు పెద్దగా ఉన్నాయా అన్నవి ఆ తర్వాతి మాటలు.

దీనికి ఒక ఎదురు వాదన ఉంది, తీసిపారేసేది కాదు. ముసలివాళ్లు ఒక్కొక్కరే రాలిపోతున్నారు, పిల్లలు కథ నేర్చుకోవడం లేదు, మిరాశి అంటూ కూర్చుంటే రాయడానికి మనుషులే మిగలరు, ముందు దొరికింది దొరికినట్టు ఎక్కిద్దాం, తప్పులు తర్వాత దిద్దుకుందాం అంటారు. తొందర నిజమే. కానీ తర్వాత దిద్దుకుందాం అన్న రికార్డు ఏదైనా దిద్దిన దాఖలా మీకు కనిపించిందా? మన దగ్గర మొదటిసారి ఏది ఎక్కితే అదే నిజమవుతుంది. ఓటరు లిస్టులో పేరు తప్పు పడ్డవాడిని అడగండి.

మరి ఏం చేయమంటావు అంటే, చెప్తాను. కార్డ్ సార్టింగ్ అని ఒక పద్ధతి వాళ్ల చేతిలోనే ఉంది. వస్తువుల పేర్లు చీటీల మీద రాసి, మీకు తోచినట్టు కుప్పలు పెట్టండి అంటారు. దాన్ని ఆఫీసులో సహోద్యోగులతో కాకుండా జాతర దగ్గర డేరా వేసుకున్నవాళ్లతో ఆడించాలి. చదువు రానివాళ్లకు బొమ్మలు పెట్టాలి. మన యాప్‌లో కుప్పలు గాత్రం, వాయిద్యం, నృత్యం, నాటకం అని ఉంటాయి. ఒగ్గు కథలో ఈ నాలుగూ ఉన్నాయి, దాన్ని ఏ కుప్పలో పడేస్తారు? ఆ మనిషి చేతికిస్తే కుప్పలు వేరే తీరున పడతాయి. ఎవరికి చెప్పేవి, ఎవరింట్లో చెప్పేవి, చావుకు చెప్పేవి, పెళ్లికి చెప్పేవి, ఆడవాళ్లు వినకూడనివి, ఊరందరూ వినాల్సినవి. ఆ కుప్పలే మెనూ కావాలి. రోజంతా కూర్చోబెట్టుకుంటే ఆ రోజు కూలి కట్టివ్వాలి, ఇది మరీ చెప్పించుకోవాల్సిన మాట కాదు.

ఇది కాని పని అనేవాళ్లకు ముకుర్తు సంగతి చెప్పాలి. ఆస్ట్రేలియా ఉత్తరాన టెనెంట్ క్రీక్ దగ్గర వారుముంగు అనే ఆదివాసుల కోసం, వాళ్లతో కూర్చుని మొదలుపెట్టిన డిజిటల్ భాండాగారం అది. ఏ ఫోటో ఎవరు చూడొచ్చో, ఏ పాట మగవాళ్లకు, ఏది ఆడవాళ్లకు, చనిపోయినవాళ్ల బొమ్మల్ని ఎట్లా చూపాలో వాళ్ల పెద్దల నియమాలే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కాయి. అందరికీ అన్నీ తెరిచిపెట్టడమే గొప్ప అన్న మన ఊహ అక్కడ చెల్లలేదు. ఇక్కడా చెల్లకూడదు. నల్లమలలో సలేశ్వరం చైత్ర పౌర్ణమికి ఆ కొద్ది రోజులే తెరుచుకుంటుంది. అది పులుల అడవి, చెంచుల దేవుడు. దాని మీద ఏడాది పొడుగునా వెలిగే పిన్ను పెట్టి, దారి చూపించు అన్న బటన్ ఇవ్వడం ఎవరిని అడిగి చేసిన పని? కొన్ని చోట్లు మ్యాపులో ఉండకూడదని చెప్పే హక్కు కూడా యూజర్‌దే. అట్లాగే కళాకారుల ఫోన్ నంబర్లు బాహాటంగా పెట్టే అలవాటు మానుకోవాలి. ఆ నంబరుకు కచేరీ పిలుపుల కంటే ఓటీపీ అడిగే దొంగల పిలుపులే ఎక్కువ వస్తాయి.

ఈ గొడవ కళలతో ఆగేది కాదు. మొదటినుంచీ నా అనుమానమే అది. ఈ నేలకు, ఫారం పట్టుకుని వచ్చేవాడికి నడుమ పాత పగ ఉంది. ఫారంలో కాలమ్ లేకపోతే మనిషి లేనట్టే. 2020లో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు పహాణీలో తరతరాలుగా ఉన్న అనుభవదారు కాలమ్ మాయమైంది. నాగలి పట్టినవాడు అట్లాగే ఉన్నాడు, పొలమూ అట్లాగే ఉంది, ఆ రెంటినీ కలిపే గడి మాత్రం లేదు. కౌలు రైతుకు రైతుబంధూ అందలేదు. ఒక డబ్బా తీసేస్తే లక్షల మంది బతుకులు ఎట్లా మారతాయో చూసినవాళ్లం మనం. ధరణి పోయి భూభారతి వచ్చింది కానీ, ఆ నడుమ పోయిన పంటకాలాలను ఎవరు తెచ్చిస్తారు? ధరణి స్క్రీన్లు గీసేముందు ఎవరైనా ఒక కౌలు రైతు పక్కన కూర్చుని "ఇందులో నువ్వెక్కడున్నవో చూపించు" అని అడిగి ఉంటే అదే అసలైన యూజర్ రీసెర్చ్ అయ్యేది.

2014 ఆగస్టు 19 గుర్తుందా? సమగ్ర కుటుంబ సర్వే. ఆ ఒక్క రోజు ఇంట్లో కనబడకపోతే లెక్కలో ఉండమని టెన్షన్ పట్టి ముంబై నుంచి, భీవండి నుంచి మనవాళ్లు బస్సుల్లో, రైళ్లలో కిక్కిరిసి వచ్చారు. కూలి పోగొట్టుకుని, చార్జీలు పెట్టుకుని, తలుపు దగ్గర నిలబడి "ఉన్నాం" అని చెప్పి మళ్లీ పోయారు. పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా తెలిసిన జిల్లాలో మనిషిని ఇంటికి కట్టేసి లెక్కపెట్టారు. కదిలేవాడిని ఎట్లా రాయాలో మన ప్రభుత్వాలకు ఈనాటికీ తెలియదు. కౌలు చేసేవాడు, వలస పోయేవాడు, మిరాశి ఊళ్లు తిరిగేవాడు, ముగ్గురికీ జబ్బు ఒకటే: ఒక చోట ఆగరు. పిన్నుకు ఆగేవాళ్లే కావాలి. కళల మ్యాపు చేస్తున్న కుర్రాళ్లు ఇంత పెద్ద తగాదాలో వేలు పెట్టామని అనుకుని ఉండరు, కానీ పెట్టారు.

ఆ అమ్మాయికి మాత్రం విషయం అందింది. బయల్దేరబోతూ ఆగింది. ట్యాబ్ సంచిలో పెట్టేసి, సంతకం పెట్టించుకున్న ఫారం వెనక్కి తిప్పి, "తాతా, నువ్వాడే ఊర్లు చెప్పు, రాసుకుంట" అంది. ఆయన మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు. కళ్లు మూసుకుని, నడిచే వరసలో చెప్పడం మొదలుపెట్టాడు. గట్టుప్పల్, పుట్టపాక, కొయ్యలగూడెం, సిరిపురం, వెల్లంకి. ఏ ఊళ్లో ఎన్ని మగ్గాలుండేవో, ఇప్పుడెన్నున్నాయో కూడా చెప్తున్నాడు. "భీవండి గూడ రాయి, మా శాలోళ్లు సగం మంది ఆడనే ఉండ్రు, రెండేండ్లకోసారి పోయొస్త" అన్నాడు. ఆమె రాసింది. ఇంకో రెండు ఊళ్లయ్యాక ఒక పేరు చెప్పి, ఆమె పెన్ను కదలకముందే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది నాది గాదు బిడ్డా, మా తమ్మునిది. ఆణ్ణి అడిగి రాసుకో."